పిలుపులో మనిషి: కొరియా వరసల మాటల కథ



ఎదుటి మనిషిని ఏమని పిలవాలి? సరిహద్దు జిల్లాల్లో బతికే మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. బళ్ళారిలో కన్నడం మాట్లాడే ఇంట్లో 'అప్ప' అంటే నాన్న. బరంపురం, శ్రీకాకుళం వైపు తెలుగు ఇళ్ళలో 'అప్ప' అంటే అక్క. హోసూరు సంతలో తమిళం మాట్లాడే పిల్లవాడు 'అప్పా' అంటే మళ్ళీ నాన్నే. మాట ఒకటే, మనిషి మారిపోతాడు. పదిమైళ్ళ దూరంలో వరస మారిపోయే చోట పెరిగినవాళ్ళకు పిలుపు ఎంత సున్నితమైన సంగతో విడమరిచి చెప్పనక్కర లేదు.

ఇదే మాట మనకు చాలా దూరాన ఉన్న ఇంకో దేశంలో కూడా వినిపిస్తుంది. కొరియా పిల్లలు నాన్నను 'అప్పా' అంటారు. అమ్మను 'ఒమ్మా' అంటారు. కొరియా ఇప్పుడు మనకు మరీ పరాయి దేశమేమీ కాదు. శ్రీపెరుంబుదూరులో కొరియా వాళ్ళ కార్ల కర్మాగారం నుంచి 1998లో కార్లు రావడం మొదలైంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఇంకో కొరియా కంపెనీ కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరి, 2019లో కార్లు బయటికి వచ్చాయి. పావగడ నుంచీ హిందూపురం నుంచీ చూస్తే అది మన పెరటి సంగతే. కనుక ఈ పూట కొరియా వాళ్ళు మనుషులను మామూలు మాటల్లో ఏమని పిలుచుకుంటారో, ఆ పిలుపుల వెనక ఎంత చరిత్ర ఉందో చెప్పుకుందాం.

ముందు ఇంట్లోంచి మొదలుపెడదాం. మనకు అన్న అంటే అన్నే. పిలిచేది తమ్ముడైనా చెల్లెలైనా 'అన్నా' అనే అంటారు. కొరియాలో అలా కాదు. తమ్ముడు అన్నను 'హ్యంగ్' అంటాడు. చెల్లెలు అదే అన్నను 'ఒప్పా' అంటుంది. అక్కను తమ్ముడు 'నూనా' అంటాడు, చెల్లెలు 'ఒన్నీ' అంటుంది. అంటే పిలుపు వింటేనే పిలిచిన మనిషి ఆడో మగో తెలిసిపోతుంది. తనకంటే చిన్నవాళ్ళు మాత్రం ఎవరైనా 'దోంగ్‌సేంగ్'. వాళ్ళను పేరు పెట్టి పిలవవచ్చు. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలిస్తే తప్పు. ఇందులో మనకు వింత ఏమీ లేదు.

ఇంకో పోలిక చూడండి. నాన్న అన్నగారిని వాళ్ళు 'పెద్ద తండ్రి' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు, నాన్న తమ్ముణ్ణి 'చిన్న తండ్రి' అంటారు. మన పెదనాన్న, చిన్నాన్న అచ్చంగా అదే పద్ధతి. మేనత్త 'గోమో', పిన్ని 'ఇమో'. ఇక బంధుత్వంలో దూరాన్ని వాళ్ళు మెట్ల లెక్కన కొలుస్తారు. ఆ మెట్టు పేరు 'ఛోన్'. తల్లిదండ్రులకూ బిడ్డకూ మధ్య 1 ఛోన్. అన్నదమ్ముల మధ్య 2. తండ్రి తోబుట్టువుతో 3, వాళ్ళ పిల్లలతో 4. అందుకే బాబాయికి 'సంఛోన్' అనే పేరు వచ్చింది, అంటే మూడో మెట్టు. పెదనాన్న పిల్లలూ మేనత్త పిల్లలూ 'సాఛోన్', నాలుగో మెట్టు. మరి భార్యాభర్తల మధ్య ఎన్ని మెట్లు? సున్నా. అంత దగ్గరని ఒక అర్థం. విడిపోతే ఏ లెక్కకూ అందనంత పరాయివాళ్ళని రెండో అర్థం. ఈ రెండూ వాళ్ళే చెప్పుకుంటారు.

ఈ లెక్క కేవలం ముచ్చట కోసం కాదు. 8 మెట్ల లోపు రక్తబంధువులు పెళ్ళి చేసుకోకూడదని దక్షిణ కొరియా చట్టం. మన మేనరికం సంగతి వింటే వాళ్ళు నోరు వెళ్ళబెడతారు. మన మేనబావ వాళ్ళ లెక్కలో నాలుగో మెట్టే కదా. పిలుపు పద్ధతి ఒకేలా ఉన్నంత మాత్రాన బంధుత్వ పద్ధతి ఒకటి కాదని ఇక్కడే తెలుస్తుంది.

ఈ పోలికలు చూసి ముచ్చటపడినవాళ్ళలో మొదటివాళ్ళం మనం కాదు. 1886లో కొరియా రాజు నెలకొల్పిన బడిలో ఇంగ్లీషు చెప్పడానికి హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ వెళ్ళాడు. కొరియా భాషను క్షుణ్ణంగా నేర్చుకున్నాడు. 1905లో ఆయన కొరియా భాషనూ మన ద్రావిడ భాషలనూ పోలుస్తూ ఒక వ్యాకరణ గ్రంథం ప్రచురించాడు. రెండింట్లోనూ క్రియ వాక్యం చివర వస్తుంది. రెండింట్లోనూ విభక్తి పేరుకు వెనక తగులుతుంది. 'అప్పా' లాంటి మాటలు ఉండనే ఉన్నాయి. ఇన్ని చూసి, ఈ రెండూ ఒక తల్లి బిడ్డలేమోనని ఆయన వాదించాడు. భాషాశాస్త్రజ్ఞులు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. వాక్య నిర్మాణం జపాన్ భాషలోనూ టర్కీ భాషలోనూ అలాగే ఉంటుంది. ఇక అమ్మ, అప్ప లాంటి మాటలంటారా, పసిబిడ్డ పెదవులకు మొదట పలికే ధ్వనులు ప, మ కనుక ప్రపంచమంతటా తల్లిదండ్రుల పిలుపులు వాటితోనే పుట్టాయని రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త 1960లో ప్రచురించిన వ్యాసంలో వివరించాడు. చుట్టరికం లేదన్న మాట. కానీ చుట్టరికం లేకుండానే రెండు జాతులు ఒకే తీరున మర్యాదను అల్లుకున్నాయంటే అది ఇంకా ఆసక్తికరమైన విషయం కాదా?

కొరియా భాషలో 'నువ్వు', 'మీరు' అనే మాటలు లేకపోలేదు. కానీ పెద్దవాళ్ళ ముందు వాటిని వాడరు. 'దాంగ్‌సిన్' అనే మాట ఒకటుంది. నిఘంటువు చూస్తే 'మీరు' అనే అర్థమే ఉంటుంది. భార్యాభర్తలు అనుకుంటే అది ప్రేమ. బజారులో ఇద్దరు కొత్తవాళ్ళ మధ్య ఆ మాట వచ్చిందంటే మాత్రం తగువు మొదలైందన్న మాటే. అందువల్ల సర్వనామం బదులు వరసో, ఉద్యోగం పేరో వాడతారు. గురువును 'మీరు' అనరు, 'గురువుగారు' అనే అంటారు. 'నిమ్' అనే తోక మన 'గారు' లాంటిది. గౌరవం లేకుండా మాట్లాడే తీరును 'బాన్‌మల్' అంటారు. అంటే సగం మాట. మన 'ఏరా, ఒరే' ధోరణి అది. స్నేహితుల మధ్య సగం మాట ఆప్యాయత. కొత్తమనిషితో సగం మాట అవమానం. ఎవరితో ఏ మాట అని తేల్చుకోవాలంటే ముందు వయసు తెలియాలి. అందుకే కొరియాలో పరిచయమైన కాసేపటికే ఏ సంవత్సరం పుట్టారని అడుగుతారు. పుట్టగానే బిడ్డకు ఒక ఏడు అని లెక్కించే పాత పద్ధతి అక్కడ చాలాకాలం నడిచింది. 2023 జూన్‌లో అమలులోకి వచ్చిన చట్టంతో ప్రభుత్వ వ్యవహారాల్లో అందరూ వాడే లెక్కే ఖాయమయింది. కానీ ఎవరు అన్న, ఎవరు తమ్ముడు అనే లెక్క మాత్రం పుట్టిన సంవత్సరాన్ని వదలలేదు.

భార్య భర్తను, భర్త భార్యను పిలిచే మాట 'యొబో'. దాని పుట్టుక 'ఇటు చూడండి' అనే మాటలో ఉంది. మన 'ఏమండీ' అనే పిలుపుకు ఇది తోబుట్టువు కదూ! పిల్లలు పుట్టాక తల్లిని 'ఫలానా పిల్లవాడి అమ్మ' అని పిలవడం కూడా మన దగ్గరలాగే ఉంది.

ఇక మాటల పతనం గురించి చెప్పుకోవాలి. చరిత్ర ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

కొరియాలో పాత కాలపు పెద్ద కులీనులను 'యాంగ్‌బాన్' అనేవారు. ఆ మాటకు అర్థం 'రెండు వరసలు'. రాజు కొలువులో సివిలు అధికారులు ఒక వరసలో, సేనాధికారులు ఒక వరసలో నిలబడేవారు. దాని నుంచి వచ్చిన పేరు. భూమి, చదువు, పదవి అన్నీ వాళ్ళవే. మరి ఈనాడు? బస్సులో కాలు తొక్కినవాణ్ణి కసిరే మాట అయింది. 'ఏం పెద్దమనిషీ, కళ్ళు కనిపించడం లేదా?' అని మనం అన్నప్పుడు 'పెద్దమనిషి'కి పట్టిన గతే యాంగ్‌బాన్‌కూ పట్టింది. అలాగే 'యొంగ్‌గమ్' అన్నది మూడో, రెండో శ్రేణి ఉన్నతాధికారులను సంబోధించే మాట. ఎనభై దాటిన వృద్ధులకు రాజు గౌరవ పదవులు ఇచ్చేవాడు. ఆ పదవితో పాటు పిలుపూ వచ్చేది. క్రమంగా ముసలివాళ్ళందరూ యొంగ్‌గమ్‌లే అయ్యారు. ఇప్పుడది 'ముసలాయన' అనే చనువు మాట. భార్యలు మొగుళ్ళను విసుక్కోవడానికీ పనికొస్తుంది. 'మనూరా' అన్న మాటది ఇంకా దూర ప్రయాణం. ఒకప్పుడు అంతఃపురంలో రాణులను, రాజవంశీకులను ఉద్దేశించిన మాట అది. ఈనాడు నలుగురిలో మగవాడు తన భార్య గురించి చులకనగా అనే మాట. ఎవరైనా పరువుగల మనిషి ఇంకొకరి భార్యను ఆ మాట అనడు.

మనకు ఇది తెలియనిది కాదు. 'స్వామిని' నుంచి వచ్చిన 'సాని' శాసనాల కాలంలో గొప్పింటి స్త్రీల గౌరవనామం. దొరసానిలో ఆ గౌరవం ఇంకా మిగిలింది. విడిగా 'సాని' అంటే ఏమయిందో మీకు తెలుసు. రెండు భాషల్లోనూ స్త్రీకి సంబంధించిన మాటే ఎక్కువ కిందికి జారిందని గమనించండి.

1446లో సెజొంగ్ రాజు కొరియా వాళ్ళకు సొంత లిపిని ప్రకటించాడు. ఆ ప్రకటన పీఠికకు కొరియన్ అనువాదం 1459లో అచ్చయిన గ్రంథంలో ఉంది. తెలియని జనం మనసులోని మాట చెప్పుకోలేకపోతున్నారు, అందుకే ఈ అక్షరాలు అన్నది దాని సారాంశం. అందులో 'మనుషులు' అనడానికి 'నోమ్' అనే మాట వాడారు. అప్పుడది మామూలు మాట. ఈనాడు 'నోమ్' అంటే తిట్టు, 'వెధవ' అన్నంత. అదే పీఠికలో 'ఒరిన్' అనే మాట ఉంది. అప్పటి అర్థం 'తెలివిలేని'. ఈనాటి అర్థం 'చిన్న వయసు'. ఒక మాట కిందికి జారింది, ఒకటి మెత్తబడింది. ఈ రెండో మాట సంగతికి మళ్ళీ వద్దాం.

పేర్ల మాట కూడా చెప్పుకోవాలి. బిడ్డలు దక్కని ఇంట్లో మనవాళ్ళు పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టినట్టే కొరియా పల్లెల్లో 'గెత్తొంగ్' అని పిలిచేవారు. కుక్క పెంట అని అర్థం. దిష్టి తగలకూడదని ఆశ. ఆడపిల్లల పేర్లలో మాత్రం ఆశ వేరు. 'ఇక చాలు, ఈమె చివరిది కావాలి' అనే అర్థం వచ్చే పేర్లు పెట్టేవారు. మహారాష్ట్ర శ్రోతలకు ఇది బాగా తెలుసు. సతారా జిల్లాలో 'నకుషా', అంటే అక్కర్లేనిది, అనే పేరు మోస్తున్న 200 మందికి పైగా ఆడపిల్లలకు 2011లో కొత్త పేర్లు పెట్టారు. కొరియాలో ఎందరో స్త్రీలకు కాగితం మీద అసలు పేరే ఉండేది కాదు. పుట్టింటి వంశం పేరొక్కటే. అత్తవారి ఊళ్ళో పుట్టింటి ఊరి పేరుకు 'దేక్' చేర్చి పిలిచేవారు. అంటే ఫలానా ఊరి నుంచి వచ్చిన కోడలని. మన ఇళ్ళల్లో 'రాజమండ్రి అత్తయ్య', 'కంచి పిన్ని' అన్నట్టే. 1909లో జనాభా నమోదు చట్టం వచ్చినప్పుడు చాలామంది స్త్రీలకు మొదటిసారిగా పుస్తకంలో రాసుకునే పేరు ఒకటి ఏర్పడింది.

శ్రోతలారా, ఇప్పుడు ఒక్క మాట కోసం 500 సంవత్సరాలు నలిగిన జనం కథ వినండి.

కొరియాలో పశువులను కోసేవాళ్ళు, బుట్టలు అల్లేవాళ్ళు, ఊరూరా తిరిగి ఆటలు ఆడేవాళ్ళు ఊరికి వెలిగా ఉండేవారు. వాళ్ళకు వేరే వేరే నీచమైన పేర్లుండేవి. 1423లో, ఇందాక చెప్పిన ఆ సెజొంగ్ రాజే, వీళ్ళను కూడా మామూలు రైతుల్లో కలపాలని తలపెట్టాడు. అప్పట్లో మామూలు రైతును 'బెక్‌జొంగ్' అనేవారు. ఇకనుంచి వీళ్ళ పేరు కూడా బెక్‌జొంగే అని ఆజ్ఞ ఇచ్చాడు. పేరు మారితే బతుకు మారుతుందని ఆయన ఉద్దేశం. జరిగింది తలకిందులు. రైతులు వీళ్ళను 'కొత్త బెక్‌జొంగ్‌లు' అని వేరు చేశారు. తర్వాత తామే ఆ పేరు వదిలేశారు. మంచి పేరు వచ్చి ఈ జనానికి అంటుకోగానే ఆ పేరే చెడ్డదైపోయింది.

ఆ పేరు మోసినవాళ్ళు పెద్దమనుషుల టోపీ పెట్టకూడదు. పట్టు కట్టకూడదు. పెళ్ళికూతురు పల్లకీ ఎక్కకూడదు. ముసలివాడైనా సరే, ఊళ్ళోని చిన్నపిల్లవాడి ముందు వంగాలి. ఆ పిల్లవాడు అతన్ని 'ఏరా' అంటాడు, ఇతను మాత్రం 'అయ్యా' అనాలి. కొరియా భాషలో మర్యాద ప్రతి క్రియ చివరా ఉంటుందని చెప్పాను కదా. అంటే నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరు పైన, ఎవరు కింద అన్నది మళ్ళీ మళ్ళీ వినబడుతూనే ఉంటుంది.

1894 సంస్కరణల్లో కులీన, హీన భేదాలను చట్టం రద్దు చేసింది. దాస్యమూ అప్పుడే పోయింది. కాగితం మీద పోయింది. 1909లో జింజు అనే పట్టణంలో చర్చి ప్రార్థనకు బెక్‌జొంగ్‌లను కూడా అందరితో కలిపి కూర్చోబెడితే, మిగతా సభ్యుల్లో చాలామంది లేచి వెళ్ళిపోయారు. కొన్ని వారాలకు గానీ మళ్ళీ అందరూ ఒక్కచోట చేరలేదు. తర్వాత జపాన్ పాలన వచ్చింది. కుటుంబ నమోదు పుస్తకాల్లో వీళ్ళ పేర్ల దగ్గర ఫలానా వృత్తివాళ్ళని తెలిసేలా గుర్తు పెట్టారు. బడిలో పిల్లవాణ్ణి చేర్చాలంటే ఆ కాగితం చూపాలి. డబ్బున్న బెక్‌జొంగ్ తండ్రి కూడా బిడ్డను బడిలో చేర్చలేకపోయాడు.

1923 ఏప్రిల్‌లో అదే జింజులో 'హ్యంగ్‌ప్యంగ్‌సా' అనే సంఘం పుట్టింది. హ్యంగ్ అంటే త్రాసు, ప్యంగ్ అంటే సమానం. మాంసం తూచే త్రాసునే తమ గుర్తుగా తీసుకున్నారు. మొగ్గు లేని త్రాసులాంటి సమాజం కావాలన్నారు. వాళ్ళ ఆశయాల్లో ఒకటి వర్గభేదం పోవాలని, ఒకటి పిల్లలకు చదువు కావాలని. వాటి పక్కనే ఇంకొకటి రాసుకున్నారు: అవమానకరమైన పిలుపులు రద్దు కావాలి. తిండి, బడి అడిగినవాళ్ళు వాటితో సమానంగా పిలుపునూ అడిగారు. ఈ సంఘానికి ముందు నిలిచినవాళ్ళలో కాంగ్ సాంగ్-హో అనే యాంగ్‌బాన్ కూడా ఉన్నాడు. ఎదిరించినవాళ్ళు ఆయనను ఏమని ఎగతాళి చేశారో ఊహించండి: 'కొత్త బెక్‌జొంగ్' అని. 1423లో పుట్టిన వెక్కిరింపు సరిగ్గా 500 ఏళ్ళకు మళ్ళీ వీధిలోకి వచ్చింది.

ఇక్కడ మన చరిత్ర తప్పక గుర్తుకు వస్తుంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచముల మహాసభ జరిగింది. 'పంచమ' అనే పేరు మాకు వద్దు, మేము ఈ నేలకు ఆదివాళ్ళం, ఆది ఆంధ్రులం అని ఆ సభలో ప్రకటించుకున్నారు. జింజుకు బెజవాడ తెలియదు, బెజవాడకు జింజు తెలియదు. ఆరేళ్ళ తేడాతో రెండు చోట్లా అణగారిన జనం అడిగినవాటిలో ఒకటి, తమను ఏమని పిలవాలో తామే నిర్ణయించుకునే హక్కు. రాజు ఇచ్చిన పేరు నిలవలేదు. తామే కూడి ఎత్తుకున్న పేరు వెనక మాత్రం ఉద్యమం నిలిచింది. సెజొంగ్ ఆజ్ఞకూ హ్యంగ్‌ప్యంగ్‌సాకూ తేడా అదే.

అదే 1923లో ఇంకో మాటకు కూడా మంచి రోజులు వచ్చాయి. అంతవరకు కొరియాలో చిన్నపిల్లలను పిలిచే మాటల్లో ఎక్కువ భాగం చులకన మాటలే. బాంగ్ జొంగ్-హ్వాన్ అనే రచయిత 'ఒరినీ' అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. ఇందాక చెప్పిన 'ఒరిన్' అనే పాత మాటకు, 'మనిషి' అనే అర్థం ఇచ్చే 'ఇ' చేర్చితే ఒరినీ. అంటే చిన్న మనిషి. ముసలి మనిషి, పడుచు మనిషి అన్నట్టే ఇతనూ ఒక మనిషే అని ఉద్దేశం. 1923లో ఆ పేరుతోనే పిల్లల పత్రిక పెట్టాడు. ఆ సంవత్సరం పిల్లల పండుగనాడు పంచిన కరపత్రంలో పెద్దవాళ్ళకు చేసిన విన్నపాల్లో ఒకటి, పిల్లలతో మర్యాద మాటలు వాడండి, మెత్తగా మాట్లాడండి అని. 1931లో, 31 ఏళ్ళకే ఆయన పోయాడు. ఆ మాట మాత్రం నిలిచింది. దక్షిణ కొరియాలో మే 5 పిల్లల దినం. 1975 నుంచి అది ప్రభుత్వ సెలవు దినం.

మంచి మాటకు చెడ్డరోజులు రావడం కూడా ఆ దేశం చూసింది. 'దోంగ్మూ' అంటే నేస్తం. అచ్చ కొరియా మాట. పిల్లలు భుజం మీద భుజం వేసుకుని నడవడాన్ని 'భుజాల దోంగ్మూ' అంటారు. 1945లో జపాన్ పాలన పోయి దేశం రెండు ముక్కలైంది. 1948లో రెండు ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. 1950 నుంచి 1953 దాకా యుద్ధం. ఉత్తరాన దోంగ్మూ అంటే 'కామ్రేడ్' అయింది. దాంతో దక్షిణాన ఆ మాట నోట రావడమే ప్రమాదమైంది. జనం దాన్ని వదిలి, చైనా మూలం నుంచి వచ్చిన 'చింగూ' అనే మాటతో సరిపెట్టుకున్నారు. ఈనాటికీ దక్షిణాన స్నేహితుడు చింగూయే. పాత మాట ఆ పిల్లల ఆటలో మాత్రం తలదాచుకుంది. సరిహద్దు గీత భూమి మీదే కాదు, నిఘంటువులోనూ పడుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

యుద్ధం తర్వాత పల్లెలు ఖాళీ అయి జనం సియోల్‌కు చేరారు. పట్నంలో అందరూ కొత్తవాళ్ళే. కొత్తవాళ్ళను పిలవడానికి ఇంటి వరసలనే బజారుకు తెచ్చారు. ఇక్కడ ఒక పాత మాట సంగతి చెప్పాలి. 12వ శతాబ్దం మొదట్లో, మన నన్నయ తర్వాత కొద్ది దశాబ్దాలకు, చైనా నుంచి వచ్చిన సున్ ము అనే ఆయన కొరియా మాటలు కొన్ని వందలు రాసుకున్నాడు. బాబాయి వరసవాడు 'అజాబి', పిన్ని వరస ఆమె 'అజామి' అని అందులో ఉంది. ఆ కుదురు నుంచి వచ్చినవే ఈనాటి 'అజొస్సీ', 'అజుమొనీ', 'అజుమ్మా'. దుకాణంలో నడివయసు మగవాడు అజొస్సీ. నడివయసు ఆడమనిషి అజుమ్మా. కూరగాయలమ్మి, భోజనశాలలు నడిపి, పిల్లలను చదివించి, ఆ దేశాన్ని నిలబెట్టిన ఆడవాళ్ళు వీళ్ళే. కానీ పిలుపు మాత్రం పరువు తక్కువైంది. ఉంగరాల జుట్టు, గట్టి గొంతు, బస్సులో సీటు కోసం తోపులాట అనే బొమ్మ ఆ మాటకు అంటుకుంది. ఈనాడు పెళ్ళికాని ముప్ఫై ఏళ్ళ అమ్మాయిని అజుమ్మా అంటే పెద్ద తగాదా. మన దగ్గర బస్సులో ఒకావిడను 'ఆంటీ' అని చూడండి, తెలుస్తుంది!

అందుకని భోజనశాలలో వడ్డించే ఆమెను 'ఇమో' అంటారు, అంటే పిన్ని. ఇందులో ఒక విశేషం ఉంది. అమ్మ చెల్లెలి వరస వాడతారు, నాన్న చెల్లెలి వరస 'గోమో' వాడరు. అన్నం పెట్టే చేయి అమ్మవైపుదే అని కాబోలు. దుకాణదారు, కొనేవాడు, టాక్సీ ఎక్కినవాడు అందరూ 'సాజాంగ్‌నిమ్'. అసలర్థం కంపెనీ అధ్యక్షుడు గారు. మన 'సార్', 'సేఠ్' లాగా అది చవకైపోయింది.

చివరగా 'ఒప్పా' దగ్గరికి వద్దాం. ఈ మాటలు చెక్కుచెదరనివని అనుకోకండి. 'ఒన్నీ' అన్నది ఈనాడు చెల్లెళ్ళు అక్కను పిలిచే మాట. కానీ 1946లో బడి వీడ్కోలు సభల కోసం రాసిన పాటలో పెద్ద తరగతి పిల్లలందరినీ, మగపిల్లలను కూడా, ఒన్నీ అనే సంబోధించారు. 1970, 80లలో సైనిక పాలనను ఎదిరించిన విశ్వవిద్యాలయాల్లో అమ్మాయిలు సీనియర్ అబ్బాయిలను ఒప్పా అనడం మానేసి, మగవాళ్ళ మాట 'హ్యంగ్' వాడేవారు. ఒప్పాలో ఉన్న ముద్దు వాళ్ళకు వద్దు. అదే 1980లలో చో యోంగ్-పిల్ అనే గాయకుడి వెంట పడిన అభిమానుల గుంపును 'ఒప్పా దండు' అన్నారు. తర్వాత ప్రేమికుణ్ణి కూడా ఒప్పా అనడం మామూలైంది. 2012లో 'గాంగ్నమ్ స్టైల్' పాటతో ఆ మాట మన ఊరి ఉత్సవాల్లో మైకుల దాకా వచ్చింది. 2021లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు ఒకేసారి 26 కొరియా మాటలను చేర్చుకుంది. వాటిలో ఒప్పా, ఒన్నీ, నూనా ఉన్నాయి.

అదే మాట సరిహద్దుకు ఉత్తరాన నేరమైంది. దొంగచాటుగా వచ్చే దక్షిణాది నాటకాలు చూసి ఉత్తర కొరియా యువతులు కూడా స్నేహితుణ్ణి ఒప్పా అనడం మొదలుపెట్టారు. 2023 జనవరిలో అక్కడి ప్రభుత్వం ప్యాంగ్యాంగ్ భాషను కాపాడే చట్టం చేసింది. రక్తసంబంధం లేని యువకుణ్ణి యువతి ఒప్పా అనకూడదు, 'దోంగ్మూ' అనో 'దోంగ్‌జీ' అనో అనాలి. దక్షిణాది తీరున మాట్లాడితే ఏళ్ళ తరబడి కఠిన శ్రమ శిక్ష. తీవ్రమైన నేరమని తేలితే మరణశిక్ష కూడా అందులో ఉంది. దక్షిణాన దోంగ్మూ అంటే అనుమానం, ఉత్తరాన ఒప్పా అంటే శిక్ష. ఒకటి నేస్తం, ఒకటి అన్న. ఇంతకంటే నిరపాయమైన మాటలు ఏ భాషలోనైనా ఉంటాయా?

శ్రోతలారా, మన సరిహద్దులు అటువంటివి కావు. హోసూరులో అన్నను అన్న అన్నా, బళ్ళారిలో అణ్ణ అన్నా, నాందేడులో దాదా అన్నా మనల్ని ఎవరూ శిక్షించరు. కానీ శిక్ష లేకపోయినా మాటలు పోతాయి. బడి ఒక భాషలో, బజారు ఒక భాషలో, టీవీ ఇంకో భాషలో ఉన్నప్పుడు తెలుగు చదవడం, రాయడం ముందుగా పోతాయి. ఇంట్లో పిలుపులు మాత్రం చివరిదాకా నిలుస్తాయి. ఇంట్లో తెలుగు ఒక్క ముక్క రాని మనుమడు కూడా 'అవ్వా' అనో 'జేజీ' అనో పిలుస్తాడు. ఆ ఒక్క పిలుపులో తాతలు ఏ ఊరి నుంచి వచ్చారో దాగి ఉండవచ్చు. ఆ పిలుపు కూడా ఆంటీ, అంకుల్‌లో కలిసిపోతే ఆ జాడ కూడా పోతుంది.

కనుక ఈ వారం ఒక చిన్న పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, ఎవరిని ఏమని పిలిచేవారో అడిగి ఒక నోటుపుస్తకంలో రాయండి. మేనమామను, చిన్నాన్నను, వదినను, కొత్తకోడలిని, పాలేరును, చాకలిని, పక్కింటి ముసలమ్మను ఏమనేవారో అన్నీ రాయండి. రాసేటప్పుడు తీపి పిలుపులే కాదు, చేదు పిలుపులు కూడా దాచకుండా రాయండి. ఎవరు ఎవరిని 'ఒరే' అనేవారు, ఎవరు ఎవరికి 'అయ్యా' అనవలసి వచ్చేది అన్నది కూడా మన ఊరి చరిత్రే. జింజు పట్టణంలో ఆ త్రాసు పట్టుకున్నవాళ్ళు అడిగింది ఆ లెక్కనే. తీపి పిలుపులను మన పిల్లలకు అప్పగిద్దాం. చేదు పిలుపులను నోటుపుస్తకంలోనే ఉంచి, నోట్లోకి రానివ్వకుండా చూద్దాం.